కళ్ళు మూసుకుంటే తూలే మనిషి

నా జన్మలో మద్యం చుక్క నోట్లో పోసుకోలేదు. అంతటితో ఊరుకున్నానా అంటే, లేదు. మార్టూరు దగ్గర మా ఊరి చర్చిలో ఇరవై ఏళ్ళు సంఘ పెద్దగా ఉండి, ఇతరులు పోసుకున్నారేమో కూడా నేనే చూసుకున్నాను. నోట్లో ఊదించే యంత్రాలు పోలీసులకు కావాలి గానీ నాకెందుకు? మనిషి గేటు దాటి నాలుగడుగులు వేస్తే చాలు, తాగాడో లేదో చెప్పేవాణ్ణి. బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి గనక నా లెక్క తప్పదని అందరూ నమ్మారు. అందరికంటే ముందు నేను నమ్మాను. నేను అడ్డంగా తల ఊపితే ఆ మనిషికి ప్రభువు బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసమూ దక్కేవి కావు. నెలకొకసారి, మొదటి ఆదివారం, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పోసిన పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచేది కూడా నేనే. ఒక్క చుక్క ఒలికేది కాదు.

నిరుడు నాకు పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేసి, ఆరు నెలలు కీమో ఎక్కించారు. జబ్బు పోయిందన్నారు. సంతోషం. పోతూ పోతూ నా అరికాళ్ళనూ, వేళ్ళ కొసలనూ, కొన్ని మాటలనూ వెంట తీసుకుపోయిందని తర్వాత తెలిసింది. చెప్పు జారిపోతే వెనక నుంచి ఎవరో పిలిచి చెప్పాలి. కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద ఉత్తకాళ్ళతో నడిచొచ్చానని మా ఆవిడ అరిస్తేగానీ నాకు తెలియలేదు. ఓ రోజు కొట్టుకెళ్ళి, కొబ్బరినూనె అనే మాట ఎంతకీ గుర్తు రాక, "అదేనయ్యా, తలకి రాసుకునేది" అన్నాను. కొట్టతను వెంట్రుక లేని నా తల వంక చూసి, ఎంతో జాలిగా సీసా చేతికిచ్చాడు.

డాక్టరమ్మకి మా అమ్మాయి వయసుంటుంది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్నాను. మరుక్షణం ఆవిడ బల్ల మీద ఉన్నాను.

"మందు వల్ల నరాల కొసలు దెబ్బతిన్నాయండీ. పాదాలు నేల మీద ఎలా ఉన్నాయో మెదడుకి కబురు సరిగ్గా అందట్లేదు. ఇప్పుడు కళ్ళే కాపలా కాస్తున్నాయి. అవి మూస్తే తూలతారు" అన్నారు. మాటలు మర్చిపోవడం కూడా ఈ వైద్యం వల్ల కావచ్చట, చాలామంది చెబుతుంటారట. నెమ్మదిగా తగ్గుతుందిగానీ కొందరికి కొంత మిగిలిపోతుందన్నారు.

కళ్ళు మూస్తే పడిపోయే మనిషి ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఒక్క చర్చికి తప్ప. మా దగ్గర ప్రార్థన అంటే నిలబడాలి, కళ్ళు మూసుకోవాలి, పాస్టరు అయ్యగారు ముగించేదాకా కదలకూడదు. మా అయ్యగారు ఓ పట్టాన ముగించరు. దేశాన్ని ఏలేవాళ్ళ దగ్గర మొదలుపెట్టి పత్తిలో పురుగు దాకా వస్తారు. ఆయన పత్తిచేలోకి దిగేసరికి నేను కుడివైపు ఒరిగి పక్కాయన భుజం మీద పడ్డాను. తర్వాతి వారం ఎడమవైపు పడ్డాను.

కమిటీ పిలిచింది. ఇరవై ఏళ్ళు నేను నడిపిన కమిటీయే.

"మీరు ప్రార్థనలో తూలుతున్నారని నలుగురు చూసి చెప్పారండీ" అన్నాడు నా తర్వాత పెద్దరికానికి కాచుకుని ఉన్నాయన. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునే ఆ నలుగురూ ఎలా చూశారని అడగబోయాను. ఇరవై ఏళ్ళు నేనూ అలాగే చూశాను గనక ఊరుకున్నాను.

"మాటలు కూడా తడబడుతున్నాయంట. ఇంత జబ్బు చేశాక మనసు బాగోక ఎవరైనా కొంచెం... మేం తప్పు పట్టట్లేదండీ. వచ్చే నెల పళ్ళెం మాత్రం వేరేవాళ్ళు పట్టుకుంటారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తాగడమేంటయ్యా! నాకు అరికాళ్ళు తెలియట్లేదు!" అని అరిచాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. నేనన్న ఆ మాటా తెలుసు.

ఏడేళ్ళ కిందట ఇదే గదిలో, గ్రానైట్ పలకలు పాలిష్ పట్టే చోట పనిచేసే ఒకతను మా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను తాగలేదండీ మాస్టారూ. అరికాళ్ళు తెలవట్లేదు. షుగరుందంటన్నారు" అన్నాడు. "అరికాళ్ళు తెలియనంతగా ఎవడు తాగమన్నాడు నిన్ను?" అన్నాను. గదంతా నవ్వింది. ఆ జోకు చాలా ఏళ్ళు నేనే మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాను కూడా. అతను ఆ రోజు గేటు దాటి వెళ్ళినవాడు మళ్ళీ చర్చికి రాలేదు. భార్య ఒక్కతే వస్తుంది.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు. రాయి గీరుకుని పుండు పడితే చాలా రోజులు తెలియనే లేదట.

"రండి మాస్టారూ. మీ కాళ్ళ సంగతి మా ఆడమనిషి చెప్పింది" అన్నాడు. "నిలబడి ప్రార్థన చేసేటప్పుడు గోడకి వీపు ఆనిచ్చుకోండి. కళ్ళు మూసుకున్నా పడరు. నేను ఇంట్లో అట్టాగే చేసుకుంటన్నాను."

క్షమించమని అడగడానికి వెళ్ళాను నేను. సరిగ్గా ఆ మాటే రాలేదు. కమిటీ గదిలో నేను ఎంతమంది చేతనో చెప్పించిన మాట. నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. అది మందు వల్ల పోయిందో, నా నోటికి అసలెప్పుడూ అలవాటే లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"నిదానంగా గుర్తొస్తదిలెండి" అన్నాడతను.

ఇంటికి రాగానే గుర్తొచ్చింది. మళ్ళీ పోతుందేమోనని కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మొదటి ఆదివారం పళ్ళెం ఇంకెవరో పట్టుకున్నారు. నేను వెనక గోడకి వీపు ఆనించి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఉంచి, ప్రార్థన అంతసేపూ గుమ్మం వంక చూస్తూ నిలబడ్డాను. అతను రాలేదు. ఎందుకొస్తాడు? రమ్మని ఎవరు పిలిచారు? వాళ్ళిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. కాళ్ళు బాగాలేవని రోజూ వాయిదా వేస్తున్నాను.