మా అక్క, మనవరాలి ఫోను

మా బీబా అక్కకి చెప్పడం కంటే రేవులో రాయికి చెప్పుకోవడం నయం. రాయి కనీసం ఎదురు మాట్లాడదు. అరవై దాటిన మనిషి, పైగా నాకంటే పెద్దది, మొహాన అన్నీ అనలేను. అందుకే ఇలా రాసుకుని కసి తీర్చుకుంటున్నాను.

అసలు పేరు బిబియానా. గువాం దీవికి దక్షిణపు కొసన, మలెస్సోలో మా ఇళ్ళు పక్కపక్కనే. స్కూలు క్యాంటీన్లో వంట చేసి రిటైరైంది. ఊళ్ళో ఎవరింట్లో బాప్తిస్మం జరిగినా, ఎవరు పోయినా, పెద్ద గిన్నెలో ఎర్రన్నం వండేది ఆవిడే. ఇంకొకరు గరిటె పట్టుకుంటే ఒప్పుకోదు. మొగుడు పోయి చాలా కాలమైంది. ఒక్కగానొక్క కొడుకు ఆంటోన్ చేపలు పొడవడానికి ఈటె పట్టుకుని వెళ్ళి, పగడపు దిబ్బల అవతల మునిగిపోయాడు. అప్పటికి వాడి కూతురు ఈసా ఇంకా నేల మీద పాకే పిల్ల. వాడి పెళ్ళాం కాలిఫోర్నియా వెళ్ళి ఇంకో కాపురం పెట్టుకుంది. పిల్లని అక్కే పెంచింది. అందులో వింతేమీ లేదు, మా దీవిలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి పిల్లలు పెరుగుతూనే ఉంటారు.

వింతల్లా ఏమిటంటే, ఇంటి వాకిట్లోనే సముద్రం ఉన్నా ఆ పిల్ల మోకాలి లోతు దాటి ఎరగదు. ఊరి పిల్లలందరూ రేవు మీంచి దూకుతుంటే ఇది ఒడ్డున గవ్వలు ఏరుకునేది. కాస్త ముందుకు నడిచిందంటే చాలు, గట్టు మీంచి అక్క కేక వినబడేది.

"ఈసా! చాలు! వెనక్కి రా!"

ఆ కేకకి పీతలు కూడా కన్నాల్లోకి దూరేవి. ఒకసారి ఉండబట్టలేక, "అక్కా, పిల్లకి ఈత నేర్పిద్దామే" అన్నాను. చేతిలో గరిటె నా వైపు తిరిగింది. "నీ పిల్లలకి నేర్పుకో డోరా. నా పిల్ల జోలికి రాకు." ఇంక నేనేం మాట్లాడను?

అలాంటి పిల్ల పోయి పోయి అమెరికా నేవీలో చేరింది.

మా దీవిలో యూనిఫాం ఫొటో లేని గోడ ఉండదు, నిజమే. అయినా నాకు ఒళ్ళు మండి అడిగాను. "సైన్యం లేదటే? విమానాలన్నీ కూలిపోయాయా? ఓడలే దొరికాయా నీకు?"

"నేవీ వాళ్ళే నాకు నర్సు పని నేర్పిస్తామన్నారు చిన్ననానమ్మా."

"ఈతో?"

"అక్కడే నేర్పుతారట. నానమ్మ ముందు ఆ మాట ఎత్తకు, నీకు దణ్ణం పెడతా."

అక్క కొన్నాళ్ళు ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు బియ్యం కడుగుతూ, "ఆ చలిలో దీనికి అన్నం ఎవరు పెడతారు?" అంది. అంటే ఒప్పుకున్నట్టే. సముద్రం గురించి మాత్రం ఒక్క ముక్క కూడా అనలేదు. ఓడ అనేది నీళ్ళ మీద కాకుండా కొండ మీద నడుస్తుందన్నట్టు ఊరుకుంది.

శిక్షణ షికాగో దగ్గర, గ్రేట్ లేక్స్‌లో. వెళ్ళగానే ఫోన్లు లాగేసుకుంటారు. ఎప్పుడో ఒకసారి వాళ్ళే ఫోను చేయిస్తారు, అదీ నాలుగు నిమిషాలు, పక్కన అధికారి నిలబడి ఉండగా. తినేవి పంపకండి బాబూ అని మరీ మరీ చెప్పారు. అక్క ఊరుకుంటుందా? ఉత్త చేతులతో ఉత్తరం పంపితే పరువు తక్కువని కొబ్బరి బిళ్ళలు పెట్టి పంపింది. అందరి ముందూ పిల్ల చేత దండీలు తీయించారట. ఆ సంగతి ఈసా రాస్తే నేను చదివి వినిపించాను. "వాళ్ళకీ పెట్టి ఉంటే తీయించేవాళ్ళు కాదు. ఈసారి ఎక్కువ పంపాలి" అంది అక్క. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంక ఆ ఆదివారం సంగతి. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు బీపీ పెరుగుతుంది.

మా తమ్ముడు బల్బీనో మనవడి బాప్తిస్మం. పొద్దున్నే రేకుల షెడ్డు కింద వంటలు మొదలయ్యాయి. బంధువుల్లో పెద్దవాళ్ళందరూ చేరారు. అక్క కొంగున దాచినట్టు ఏప్రన్ జేబులో దాచుకున్న ఫోను మోగింది.

"నానమ్మా! నేను, ఈసాని. నానమ్మా, ముందు నా మాట విను, ఒక ముఖ్యమైన..."

"ఉండమ్మా, ఉండు. పెద్దలందరూ ఇక్కడే ఉన్నారు. ముందు పలకరించు."

మాలో పిల్లలు ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఒక్కో పెద్దమనిషి దగ్గరికీ పోయి చేతిని ముక్కుకి ఆనించుకుని, ఆడవాళ్ళకైతే "న్యోరా", మగవాళ్ళకైతే "న్యోట్" అనాలి. వాళ్ళు దీవించాలి. ఆ తర్వాతే మంచినీళ్ళైనా, మరోటైనా. ఒక్కరిని వదిలేసినా ఏడాది పాటు దెప్పుతారు. మంచి ఆచారమే, నేను కాదనను. కానీ నాలుగు నిమిషాల ఫోనులోనా!

ఫోను వరసలో సాగింది. మా పిన్ని దీవించింది. ఆవిడ తోడికోడలు దీవించి, ఆపైన తన మోకాళ్ళ నొప్పి చెప్పింది. ఒక ముసలాయన నోట్లో వక్క నములుతున్నాడు. దాన్ని పక్కకి ఉమ్మి, నోరు తుడుచుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు దీవించాడు. నేను వరస చివర నిలబడి కాలు నేలకేసి కొడుతున్నాను.

"అక్కా, పిల్ల ఏదో చెప్తానంది! ముందు అది విను!"

"పెద్దల్ని తోసుకుని మాట్లాడతావా? నీకు అమ్మ నేర్పింది ఇదేనా?"

"టైమైపోతుందే తల్లీ!"

"నోరు మూసుకో. బల్బీనో, నువ్వు మాట్లాడు."

బల్బీనోకి సరిగ్గా వినబడదు. "ఏమ్మా, అక్కడ వానలు పడుతున్నాయా?" అని అడిగాడు. ఏదో జవాబొచ్చింది. "ఆఁ? ఏంటీ? అన్నం తిన్నావా?" అన్నాడు. అంతే, కట్ అయింది. వాడు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసి, "పెట్టేసింది. బాగానే ఉన్నట్టుంది" అన్నాడు.

"బాగానే ఉందని ఎవడు చెప్పాడ్రా నీకు?" అని అరిచాను. "అది ముఖ్యమైన మాటంది! ఏమిటా మాట? ఒక్కరైనా విన్నారా?"

ఒక్కరూ విన్లేదు. అందరూ దీవించారు.

"గ్రాడ్యుయేషన్‌కి వస్తున్నామా అని అడుగుదామనుకుని ఉంటుంది, వస్తున్నాంగా" అని అక్క గరిటె అందుకుంది. టిక్కెట్లు అప్పటికే కొనేశాం. మా దీవిలో నేవీ ఆఫీసుకి నేనే ఫోను చేస్తే అక్కడి కుర్రాడు, "ఏ కబురూ లేకపోతే మంచి కబురే అనుకోండి ఆంటీ" అన్నాడు. వాణ్ణి కూడా ఏదో ఒకటి అనాల్సింది, మర్యాదగా ఉండదని ఊరుకున్నాను.

వెళ్ళాం. మహాసముద్రం దాటి, రెండు విమానాలు మారి, కాళ్ళు వాచిపోయి షికాగోలో దిగాం. దారి పొడుగునా అక్క కిటికీ తెర దించే ఉంచింది. కింద నీళ్ళు కనబడతాయని. గ్రాడ్యుయేషన్ రోజు పొద్దున్నే పూల గౌను వేసుకుంది, జడ చుట్టుకుంది, గేటు దగ్గరికి నాకంటే ముందు నడిచింది. కాపలా జవాను మా కార్డులు చూశాడు, తన కాగితాల్లో వెతికాడు, మళ్ళీ వెతికాడు.

"మీ పేర్లు లేవు మేడం."

"సరిగ్గా చూడు బాబూ. బిబియానా. ఈసా నానమ్మని."

వాడు ఎవరికో ఫోను చేశాడు. మంచి పిల్లాడే, మా మొహం చూడలేక టోపీ సర్దుకుంటూ చెప్పాడు. "ఆ అమ్మాయి ఈ వారం పాసవడం లేదు. వెనక బ్యాచిలో వేశారు. కారణం నేను చెప్పకూడదు. ఆమె మీకు ఫోన్లో చెప్పే ఉండాలే."

ఆమె చెప్పబోయింది నాయనా. మా వాళ్ళు దీవిస్తున్నారు.

బుడగలు పట్టుకుని, పిల్లల పేర్లు అచ్చేసిన చొక్కాలు తొడుక్కుని లోపలికి పోతున్న జనాన్ని చూస్తుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "చూశావా? చూశావా నీ ఆచారం? ఒక్క మాట వినుంటే ఇంత దూరం వచ్చి రోడ్డున నిలబడేవాళ్ళమా?" అన్నాను. తిరిగి అంటుందనుకున్నాను. అనలేదు. "దానికి ఒంట్లో బాగాలేదేమో డోరా" అంది. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎక్కడికెళ్ళినా మావాళ్ళు ఉంటారు. పక్క ఊళ్ళో నేవీ నుంచి రిటైరైన ఫెలిక్స్, మాకు దూరపు చుట్టం, ఇంటికి తీసుకెళ్ళాడు. తిరుగు టిక్కెట్ల సంగతి ఎత్తితే, "పిల్లని చూడకుండా నేను కదలను. నువ్వు పో" అంది అక్క. ఎలా పోతాను? ఈవిడ చేతికి ఫోనిచ్చి పోతే మళ్ళీ ఎవరికి అందిస్తుందో!

ఆదివారం మధ్యాహ్నం మేం అన్నానికి కూర్చోగానే ఫోను మోగింది. ఫెలిక్స్ నవ్వుతూ చెయ్యి చాపాడు, పలకరిద్దామని. అక్క అతన్ని చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను గబగబా స్పీకరు నొక్కాను.

"నానమ్మా, మీరు బయల్దేరలేదు కదా? రావద్దని చెప్పడానికే ఆవేళ..."

"ఇక్కడే ఉన్నాం తల్లీ. ఫెలిక్స్ ఇంట్లో. నువ్వు చెప్పు. ఏమైంది?"



"ఈత నానమ్మా. ఎత్తు మీంచి దూకి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఈదాలి, తేలాలి. ఎన్నిసార్లు నిలబెట్టినా నావల్ల కావట్లేదు. రేపు ఆఖరిసారి. అదీ పోతే ఇంటికి పంపేస్తారు."

అక్క మొహం చూశాను. అబద్ధం ఎందుకు, ఆ మొహంలో ఆశ కనబడింది. ఇంటికి పంపేస్తారు. ఓడలుండవు, నీళ్ళుండవు. పిల్ల మళ్ళీ ఆ ఇంట్లో, ఆ గట్టు మీద, కేకేస్తే వినబడేంత దూరంలో. ఒక్క మాట చాలు, "వచ్చెయ్యమ్మా" అంటే చాలు. అంటుందని నేను ప్లేటు పక్కకి తోసేశాను. అన్నదంటే ఆ రోజే తెగతెంపులు చేసుకుందామనుకున్నాను.

"నేర్పే ఆయన మంచివాడే నానమ్మా. చేతులూ కాళ్ళూ అన్నీ వచ్చు. కానీ నీళ్ళ దగ్గర నిలబడగానే నువ్వు గట్టు మీంచి పిలుస్తున్నట్టే ఉంటుంది. వెనక్కి రా అని. నా కాళ్ళు వెనక్కే వెళ్తాయి. నేనేం చెయ్యను?"

 అక్క బల్ల అంచు పట్టుకుంది. ఫెలిక్స్ తల దించుకున్నాడు. నేను ఆగలేకపోయాను.

"అక్కా, మాట్లాడు! దానికి టైం లేదు! ఏదో ఒకటి చెప్పు!"

"ఈసా" అంది.  మళ్ళీ అంది. "ఈసా. దిగు."

"నానమ్మా?"

"దిగమ్మా. నేనింక పిలవను. గట్టు మీద ఎవరూ లేరు. నేను ఇంట్లోకి వెళ్ళిపోయాను. నువ్వు దిగు, అవతలి ఒడ్డు దాకా పో. వెనక్కి చూడకు. మీ నాన్న కూడా..."

చూస్తే తెర నల్లగా ఉంది. ఎప్పుడు కట్ అయిందో ఎవరికీ తెలియదు. అక్క ఇంకా ఆ ఫోను వైపే వంగి ఉంది.

"కట్ అయిందక్కా."

"ఎక్కడిదాకా వింది?"

"నాకేం తెలుసు!"

"దిగు అన్నది వినబడిందా దానికి?"

"తెలియదంటున్నానుగా!"

ఆవిడ అన్నం ముందు నుంచి లేచింది. "మళ్ళీ చేస్తే నువ్వే చెప్పు డోరా. ఆ మాట ఇంకోసారి నా నోట రాదు."

మళ్ళీ ఫోను రాలేదు. ఆ వారమంతా ఎలా గడిచిందో మా ఇద్దర్నీ భరించిన ఫెలిక్స్ పెళ్ళాన్ని అడగాలి. నేను ప్రతిదానికీ కసిరాను, కుక్కని కూడా. అక్క ఎవరూ అడక్కుండానే వంటగది అంతా కడిగింది, కడిగిందే మళ్ళీ కడిగింది. వెనక బ్యాచి గ్రాడ్యుయేషన్ రోజున ఎటూ తేల్చుకోలేక, పోయి చూద్దాం పదమని నేనే లాక్కెళ్ళాను. మళ్ళీ అదే గేటు. ఈసారి కాపలాకి ఒక అమ్మాయి ఉంది. కార్డులు చూసింది, కాగితం మీద వేలు నడిపింది.

"ఉన్నాయండీ. ఇద్దరూ లోపలికి వెళ్ళండి."

అక్క కదల్లేదు.

"ఈదిందా అమ్మా?"

"ఎవరండీ?"

"మా పిల్ల. ఈదిందా?"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "ఈదకపోతే ఇక్కడ ఎవర్నీ పాస్ చెయ్యరండీ" అంది.

"అయితే వింది" అంది అక్క. కొడుకు శవం దొరికిన రోజున కూడా నిలబడే ఉన్న మనిషి, పూల గౌనుతో ఆ గేటు ముందు రోడ్డు మీదే కూలబడింది. వెనక జనం ఆగిపోయి, కదలండి, కదలండి అన్నారు. "కాసేపు ఆగితే మీ కొంపలేం మునిగిపోవు!" అని వాళ్ళ మీద అరిచి, నేనూ ఆవిడ పక్కన కూర్చున్నాను.