పటంలో మా ఇంటి మీద పెట్టిన రాయి

“నేను అబద్ధం చెప్పలేదు కదక్కా.”

“నిజం చెప్పమని నిన్ను నేను అడిగినానా? నీ బ్యాగు తీసుకోని పో పాపా. మల్ల మా వాకిట్లో కాలు పెట్టద్దు.”

ఆ పిల్లకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలివి. ఆమె పామిడి బస్సు కోసం రోడ్డు మీదికి పోయింది. నేను తలుపు వేసుకుని లోపల కూర్చున్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. బయటివాళ్ళెవరైనా అడిగితే ఈ సంగతి నోరు దాటేది కాదు.

అప్పటికి మా ఆయన జ్వరమొచ్చి పోయి రెండేళ్లయి ఉంటుంది. వరసగా వానలు లేని కాలం. వేసిన చెనిక్కాయ పైరు ఊడలు నేలలోకి దిగకముందే ఎండిపోయేది. కూలికి పిలిచే రైతే లేడు. నేనూ, నా చిన్న కూతురూ, ఒక మట్టి మిద్దె. పక్కిల్లు మా బావది, అంటే మా ఆయన అన్నది. ఆయన వార్డు మెంబరు. ఆయన భార్యను నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ళకూ పెద్దగా ఏమీ లేదు, కానీ ఊళ్ళో మాట చెల్లేది. ఆ మాట ఎక్కడ పోతుందోనని ఇంటిల్లిపాదికీ భయం.

అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లలు కొందరు ఎండాకాలం సెలవుల్లో మా ఊరికి వచ్చారు. ఏ ఇంట్లో తిండి ఉంది, ఏ ఇంట్లో లేదు అని ఊరివాళ్ళ చేతనే చెప్పించి ప్రభుత్వానికి పంపే పని. నిరుపేదలని తేలిన ఇళ్ళకు బియ్యం కార్డు ఇస్తారు. మగపిల్లలు బడిలో పడుకున్నారు. ఆడపిల్ల ఒక్కతే, ఎక్కడ ఉంచాలి? మా బావే చెప్పాడు, మా తమ్ముని భార్య ఇంట్లో మగవాళ్ళు లేరు, ఆడ ఉండనీ అని. నన్ను అడగలేదు. అడిగినా కాదనే ధైర్యం నాకు లేదు.

మంచి పిల్ల. గుత్తి దగ్గర పల్లె. వచ్చిన రోజే కడవ తీసుకుని నాతోపాటు నీళ్ళకు వచ్చింది.

“ఏం ఉద్యోగం పాపా నీది?” అని అడిగాను.

“ఉద్యోగం కాదక్కా, ఇంటర్న్ అంటారు. పని నేర్చుకునేదానికి జీతం లేకుండా చేస్తాము.”

“జీతం లేని పనయితే మా ఊర్లో అందరమూ అదే కదమ్మా!”

ఎంత నవ్విందంటే, కడవలో నీళ్ళు సగం చీర మీద పోసుకుంది.

ఇంటికి వచ్చిన మనిషికి పెట్టకుండా ఎట్లా? ఉన్న రాగిపిండితో సంగటి చేసి ఆమెకొక ముద్ద, నా కూతురికొక ముద్ద పెట్టేదాన్ని. నువ్వూ కూర్చోక్కా అనేది. నేను ముందే తిన్నాను అనేదాన్ని, లేకుంటే పక్కింట్లో అక్క పెట్టింది అనేదాన్ని. కొన్ని పూటలు పిండి కూడా ఉండేది కాదు. ఆ పూట ఆ పిల్లను బడి దగ్గర మగపిల్లలతో తినమని పంపేదాన్ని. అయినా పొయ్యి మాత్రం ఆర్పేదాన్ని కాదు. చెనిక్కాయ కట్టె వేసి, ఎసట్లో ఉత్త నీళ్ళు పోసి కాగబెట్టేదాన్ని. మిద్దె గవాక్షిలోంచి పొగ పైకి పోతే మా వీధిలో ఎవరూ ఏమీ అడగరు. పొగ లేకపోతేనే గోడ మీదినుంచి తల పెడతారు. మా అత్త అట్లాగే చేసేది, ఆమెను చూసి నేను నేర్చుకున్నాను.

ఒక పొద్దున ఆ పిల్ల మొహం కడుక్కోవడానికి వేడినీళ్ళు తీసుకుందామని మూత తీసింది. పక్కన నా కూతురు గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది.

“ఇందులో ఏమీ వెయ్యలేదేమక్కా?”

“స్నానానికిలే పాపా.”

ఆమె నా కూతురి చేతిలో గిన్నె చూసింది. మూత పెట్టేసింది.

ఊరి పటం వేసే రోజు ఊరంతా బడి ముందర చేరింది. మండలాఫీసు నుంచి ఒక సారు కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలు నేల మీద ముగ్గుపిండితో వీధులు గీశారు, ఇళ్ళు గీశారు. ఏడాదంతా తిండి ఉన్న ఇంటి మీద చెనిక్కాయ విత్తనాలు, ఆరు నెలలు ఉన్న ఇంటి మీద చింతగింజలు, పస్తులుండే ఇంటి మీద గులకరాయి పెట్టాలి. ఎవరి ఇంటి సంగతి వాళ్ళే లేచి చెప్పాలి, ఊరు ఒప్పుకోవాలి. మొదట్లో అందరూ నవ్వుతూనే ఉన్నారు. మేకపిల్ల ఒకటి వచ్చి విత్తనాలన్నీ తింటుంటే, “అబ్బో, పెద్దోళ్ళ ఇండ్లకే పోతాండాది సూడప్పా, మా చింతగింజలు దానికీ వద్దంట!” అని ఎవరో అరిచారు. సారు కూడా నవ్వాడు.

నా పేరు పిలిచారు. లేచాను. ఎదురుగా మా బావ, తువ్వాలు భుజాన వేసుకుని. తమ్ముని భార్య పస్తులుంటోందని ఊరి ముందర చెప్తే, ఆ మాట ఆయన మొహం మీదనే పడుతుంది. రాయి కావాలని నాకు తెలుసు. రాయి పడితేనే బియ్యం.

“ఏడాది పొడుగునా తింటాండాం సార్. మా బావోళ్ళు సూసుకుంటారు” అన్నాను.

మా బావ తల ఊపాడు. మగపిల్లవాడు మా ఇంటి మీద విత్తనాలు పెట్టబోయాడు. ఆ పిల్ల వాడి చెయ్యి పట్టుకుంది.

“లేదు సార్. నేను ఆ ఇంట్లోనే ఉంటాండా. ఆమె తినదు. ఉత్త నీళ్ళు కాగబెట్టి పొగ పెడతాది. బిడ్డ గిన్నె పట్టుకోని కూచుంటాది సార్.”

ఏడుస్తూ చెప్పింది. చెప్పి, తనే రాయి తీసి మా ఇంటి మీద పెట్టింది.

అందరూ నన్నే చూశారు. ఒంటి మీద గుడ్డ జారిపోయినట్టయింది నాకు. కొంగు లాక్కున్నాను, ఇంకా లాక్కున్నాను. మా బావ లేచి తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. అక్క నా దగ్గరికి వచ్చి, “పొగ పెట్టి మమ్మల్ని కూడా మోసం చేసినావేమే? అడిగింటే ఒక సేరు రాగులు ఇయ్యమా? ఇప్పుడు ఊర్లో ఏం మొహం పెట్టుకోని తిరగల్ల మేము?” అంది. ఆ సాయంత్రం వీధిలో అందరూ చూస్తుండగా చాటెడు రాగులు తెచ్చి నా గడప మీద పోసి పోయింది. కోళ్ళు వచ్చాయి. కోళ్ళను తోలుతూ ఒక్కొక్క గింజా ఏరుకున్నాను. అప్పుడే ఆ పిల్ల బ్యాగు కోసం వచ్చింది. ఇద్దరం అనుకున్న మాటలు మొదటే చెప్పాను.

కార్డు వచ్చింది. దాంతోపాటు పేరు కూడా వచ్చింది. రాయింటామె అన్నారు నన్ను. బియ్యానికి పోతే డీలరు, “రాయింటామె వచ్చిందప్పా, జరగండి జరగండి” అనేవాడు. వెటకారమేమీ కాదు, గుర్తుకోసమే. బడిలో నా కూతురిని కూడా అట్లాగే పిలిచేవారు. ఎండ మిటమిటలాడే వేళ, అంగడి దగ్గర జనం లేనప్పుడు పోయేదాన్ని. సంచి కొంగు కింద పెట్టుకుని వచ్చేదాన్ని. ఆ బియ్యమే వండాను, నా కూతురు కడుపు నిండా తిని పెరిగింది. నేనూ తిన్నాను. తింటూ ఆ పిల్లను తిట్టుకున్న పూటలు ఉన్నాయి. ఆమె చెవిలో చెప్పి ఉండాల్సింది అనుకునేదాన్ని. ఎవరి చెవిలో చెప్తుంది? ఊరు ఒప్పుకోవాలన్నది వాళ్ళ లెక్క. నేనే కాదంటే ఇంకెవరు ఒప్పుకుంటారు?

ఆమెకు ఇప్పుడు ఏ ఉద్యోగమో, ఎక్కడుందో. అడగడానికి నాకు మొహం లేదు.

చాలమ్మా, రాసేది ఆపు. ఇప్పుడు మొదటినుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు, వాకిలి దగ్గర ఎవరన్నా ఉన్నారేమో చూసి. ఊరి ముందర ఆ పిల్ల తల దించుకునే మాట ఎక్కడన్నా వచ్చిందనుకో, అక్కడ ఆగు. దాన్ని తీసేద్దాం.