అందరికీ నూట ముప్పై

రావిర్యాలలో ఎవరైనా "ఏం పని చేస్తవ్ బిడ్డా?" అని అడిగితే శిరీష ఒకటే జవాబు చెప్తుంది: "బీపీ మిషన్ నిజం చెప్తుందో లేదో చూస్త." వినడానికి ఎంత తేలిక! మూడు వారాలుగా ఆ పని ఆమె ప్రాణం తోడేస్తోంది.

హార్డ్‌వేర్ పార్కులో ఒక చిన్న కంపెనీ చేసిన మిషన్ అది. ఎనభై ఐదు మందికి చేతికి పట్టీ కట్టి, మిషన్ చూపిన అంకెను ఇద్దరు నర్సులు చెవులతో విని రాసిన అంకెతో పోల్చాలి. ఇద్దరూ ఒకేసారి వినేలా రెండు జతల గొట్టాలున్న స్టెతస్కోపు ఉంది. ఒకరు రాసింది మరొకరు చూడకూడదు. అన్నీ కుదిరితే మిషన్ ఊళ్ల దవాఖానాలకు వెళ్తుంది. కాగితం కింద సంతకం శిరీషది. రెండేళ్ల కింద ఒక పాడు మిషన్ ఎక్కువ చూపితే, ఆమె తండ్రి అనంతయ్య అక్కర్లేని బీపీ గోలీలు మింగి పొలంలో కళ్లు తిరిగి పడ్డాడు. అందుకే ఆ సంతకమంటే ఆమెకు భయం.

నలభై మంది అయ్యారు. నర్సులిద్దరి కాగితాలూ అచ్చు గుద్దినట్టు ఒకటే. మేనేజర్ భీమశంకరరావు మురిసిపోయారు.

"చూశావా అమ్మా, ఒక్క పాయింటు తేడా లేదు!"

"అదే సార్ నా పరేషాన్. ఇద్దరు మనుషులు విన్నరంటే రెండో నాలుగో తేడా రావాలె గద."

"నీకు బాగా వచ్చినా కష్టమే, రాకపోయినా కష్టమే!"

నలభై ఒకటో మనిషి తుక్కుగూడ గొర్రెల కాపరి కుర్మయ్య. పట్టీలో గాలి దిగుతుండగా, దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో లేచిన విమానం నెత్తి మీదుగా పోయింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. శిరీషకు తన మాటే తనకు వినబడలేదు. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానాలో చేసిన పెద్ద నర్సు నిర్మల మాత్రం నింపాదిగా నూట ముప్పై, ఎనభై అని రాసింది. నిరుడే చదువు ముగిసిన రెండో నర్సు సరిత కూడా అదే రాసింది.

"విమానం పోతుంటే ఎట్ల విన్నవక్కా?"

"మొఖం చూస్తె తెలుస్తది నాకు. ఎంతమందిని చూసిన!"

"మరి నీకెట్ల తెలిసింది సరితా?"

సరిత తల దించుకుంది. "అక్క పెన్ను కదులుడు చూసిన. పెద్దామె రాసినంక నేను వేరే రాస్తె ఏం మర్యాద?"

శిరీష తల పట్టుకుంది. కాగితాలు తిరగేసింది. నలభై మందిలో ఒక్కరికీ చివర సున్నా తప్ప మరో అంకె లేదు; నిజంగా విని రాస్తే అన్నీ సున్నాలే రావు. ఒక అట్టపెట్టె తెచ్చి ఇద్దరి మధ్య నిలబెట్టింది. మళ్లీ గాలి కొట్టించింది. గాలి దిగుతుండగానే నిర్మల రాసేసింది.

"ఓ సరితమ్మా, అక్క నూట ముప్పై పెట్టింది. నువ్వు గూడ జల్ది పెట్టు. ఆడ నా గొర్లు ఆగమైతున్నయ్!" అన్నాడు కుర్మయ్య.

"నీకు దండం పెడ్త బాపూ, నోరు మూసుకో!"

శిరీష అతని కుర్చీ గోడవైపు తిప్పింది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టింది. ఆకాశం ఖాళీ అయ్యేదాకా ఆగింది. "అక్కా, మొఖం ఎట్లాగూ కనబడది. ఇగ చెవులతోని విను," అంది.

నిర్మల మూతి ముడిచింది, కానీ కళ్లు మూసుకుని విన్నది. ఆమె కాగితం మీద నూట యాభై రెండు. సరిత కాగితం మీద నూట యాభై ఆరు.

ఆ నాలుగు పాయింట్ల తేడా చూశాక శిరీషకు ఊపిరాడింది. "బాపూ, నీకు బీపీ ఉన్నట్టుంది. రేపు పొద్దుగాల్ల దవాఖానకు పోయి డాక్టరుకు సూపించుకో."

"జర సేపటి కింద బాగనే ఉండె గద? నీ లొల్లికే పెరిగింది బిడ్డా!"

శిరీష ఎర్ర పెన్ను తీసి ముందటి నలభై మంది కాగితాలనూ ఒక్కొక్కటే అడ్డంగా కొట్టేసింది. భీమశంకరరావు గుమ్మంలోనే ఆగిపోయారు.

"అన్నీ కొట్టేశావా? ఎంత మందయ్యారని చెప్పమంటావు పైవాళ్లకి?"

"ఒక్కరు అయ్యిన్రని చెప్పండి సార్," అంది శిరీష, కుర్మయ్య కాగితం మీద 'ఒకటి' అని వేస్తూ.