చొక్కా మీద చదువు

ఇస్త్రీ అక్క నలభై ఏళ్ళ వయసులో పదో తరగతి పరీక్షకు కడతానంటే వీధంతా నోరెళ్ళబెట్టింది. ఆన్‌లైన్ క్లాసులో చేరిన మొదటి రోజే, ఫోన్‌లో వీడియో చూస్తూ చూస్తూ ఎవరిదో తెల్ల చొక్కా కాస్తా మాడ్చేసింది.

"కళ్ళు బట్టలకి కావాలి టీచరమ్మా. చెవులైతే రోజంతా ఖాళీయే," అని క్లాసు చెప్పే టీచరుకు తేల్చి చెప్పింది.

ఆ టీచరమ్మ కూడా తక్కువది కాదు. బొమ్మలతో పనిలేకుండా ప్రతి పాఠాన్నీ మాటల్లోనే విడమరిచి, రికార్డు చేసి పంపింది. అక్క వాటిని చెవిలో పెట్టుకుని, ఆపుకుంటూ, మళ్ళీ వింటూ, చొక్కా ఇస్త్రీ చేస్తూ కాలరు దగ్గర ఒక ముక్క, భుజాల దగ్గర ఒక ముక్క ఒంటబట్టించుకుంది.

పరీక్షలో గుండె కవాటాల గురించి ప్రశ్న వచ్చింది. అక్క పెన్ను పక్కనపెట్టి, తెల్ల కాగితాన్ని అరచేత్తో మెల్లగా రుద్దసాగింది. హాల్లో కాపలా ఉన్న మాస్టారు అనుమానంగా వచ్చి నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఒక్క నిమిషం సారూ. కాలరు అయింది, భుజాలు అయ్యాయి. కవాటాలు కుడి చెయ్యి మడత దగ్గరున్నాయి."

మడత దగ్గరికి రాగానే పెన్ను అందుకుంది. మళ్ళీ తలెత్తింది అదనపు కాగితం అడగడానికే.