వెర్నెల్ చదవని కాగితాలు

వెర్నెల్ టాలివర్ ముప్పయ్యొక్క ఏళ్లు మా మేకన్ ఊళ్లో ఆసుపత్రి దుప్పట్లు ఉతికింది. మా చర్చిలో ఆమె వెన్న కేకుకున్న పేరు పాస్టరుగారి ప్రసంగానికి లేదు. నోరు విప్పితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది. ఆమె రాస్తుందని మాత్రం చాలామందికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి నేను చేసిన నిర్వాకం ఇది.

ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి కింది హాల్లో మా నల్లజాతి రచయితల పుస్తకాల పఠనం పెట్టేదాన్ని. బస్సు నడిపేవాళ్లూ, వంటవాళ్లూ, ఎవరైనా సరే లేచి, నచ్చిన పుస్తకంలోంచి ఒక పేజీ చదవాలి. బడిపంతులమ్మగా చేసినదాన్ని, పెత్తనమంతా నాదే. అచ్చయిన పుస్తకమే తేవాలన్న నియమమూ నాదే.

ఒక ఏడు వెర్నెల్ సంచీలోంచి గీతల కాగితాలు తీసింది.

"కోరా, ఈసారి నాది నేనే చదువుతానే. లాండ్రీలో మా సూపర్‌వైజరు బాయిలర్ గదిలో ఇరుక్కుపోయిన రోజు."

"అచ్చయిందా?"

"చేత్తో రాశా. కనబడట్లేదూ? కళ్లద్దాలు మార్చుకో."

"తలా ఒకటి రాసుకొస్తే మన రచయితల మర్యాదేం కాను? అచ్చయ్యాక చదువుదువుగానిలే. కేకు తెచ్చావా?"

"తెచ్చాలే మహాతల్లీ! అది అచ్చులో పోసిందే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె కాగితాలు మడిచి సంచీలో పెట్టేసుకుంది. మరుసటేడు మళ్లీ అడిగింది. అదే జవాబు చెప్పాను. మూడో ఏడు అడగలేదు.

ఆ వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ నోరూ పడిపోయాయి. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. అప్పటికి నాకు బుద్ధొచ్చింది. ఫిబ్రవరి రాగానే నియమం ఎత్తేసి, ఆమె కూతురు జెనీవా చేత కాగితాలు తెప్పించి, వెర్నెల్‌ని ముందు వరుసలో కూర్చోబెట్టి నేనే చదివాను.

ఒక్క అక్షరం తప్పు పోలేదు. హాలంతా ప్రార్థన వింటున్నట్టు వింది. సూపర్‌వైజరు లోపల్నుంచి తలుపు బాదే చోటికొచ్చేసరికి వెర్నెల్ ఎడమచేత్తో బల్ల మీద కొట్టి, తల అడ్డంగా ఊపింది. ఆ వాక్యాన్నే ఇంకాస్త గట్టిగా చదివాను. మళ్లీ కొట్టింది.

"అమ్మకు బాగున్నట్టు లేదు, ఆపేద్దామా కోరా ఆంటీ?" అంది జెనీవా.

"దానికి బాగానే ఉందమ్మా. ఇది నవ్వాల్సిన చోటు. నాకే చదవడం రావట్లేదు."

ఎవరూ నవ్వలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు మార్చాలో ఆ కాగితాల్లో రాసి లేదు. అదంతా ఆమె నోట్లోనే ఉండేది. రెండేళ్లు ఆ నోటిని నేను కేకు సంగతి అడిగి పంపేశాను.

అయ్యాక అందరూ లేచి చప్పట్లు కొట్టారు. చర్చి పెద్ద లాసిటర్ కళ్లు తుడుచుకుంటూ, "ఎంత బాధాకరమైన కథమ్మా!" అన్నాడు.

వెర్నెల్ ఎడమచెయ్యి చాచి నా చేతిలోంచి కాగితాలు లాక్కుంది.