స్వర్గరథం అడుగురేకు

మా సత్యారావు బావ మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. మంచివాడే, కానీ ఒట్టి మొండిఘటం. ఆయనతో కాసేపు వాదిస్తే ఎంత నిదానస్తుడికైనా తల తిరిగిపోతుంది. మా అక్క పుష్పరాణి ఆ మనిషితో ఎలా కాపురం చేసిందో ఆ దేవుడికే తెలియాలి. బావమరిదిని కాబట్టి తిట్టే హక్కు నాకుంది. ఆయన పోయాక కూడా తిడుతూనే ఉన్నాను.

మెటియాబ్రుజ్ దగ్గర, ఓడరేవు గోడ పక్కనున్న మునిసిపల్ క్వార్టర్స్ మావి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చి ఊడ్పు పనుల్లో, నీళ్ల పనుల్లో కుదిరిన కుటుంబాలు. నేను చెత్త లారీ నడుపుతాను. బావ నీళ్ల ట్యాంకరు నడిపి రిటైరయ్యాడు. ఆ తర్వాత మా వాళ్లంతా చందాలేసుకుని కొన్న పాత వ్యాన్‌కి డ్రైవరయ్యాడు. అది స్వర్గరథం. క్వార్టర్స్‌లో ఎవరు పోయినా కేవ్‌రాతలా శ్మశాన ఘాట్‌కి ఆయనే తీసుకెళ్లేవాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

ఆ వ్యాన్ కొనాలని మొదట పట్టుబట్టింది, క్వార్టర్స్‌లో అందరికీ అత్త అయిన సన్యాసమ్మత్త. వాళ్లాయన వీధులూడ్చేవాడు. ఆయన పోయిన రోజున మా పక్కనున్న ఖిదిర్‌పూర్ అంతా వాన నీళ్లలో మునిగి ఉంది. ఏ బండీ రానంది. తోటి పనివాళ్లే చెత్త లారీని శుభ్రంగా కడిగి, గడ్డి పరిచి, పూలు చల్లి, అందులో తీసుకెళ్లారు. ప్రేమతోనే చేశారు. కానీ అత్త మనసులోంచి అది పోలేదు. "బతికినన్నాళ్లూ ఆ కంపులోనే బతికినాడు. సచ్చినాక కూడా అదే బండేట్రా?" అనేది. మా బావ చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. "నన్ను మాత్రం ఆ లారీ ఎక్కించొద్దురా సత్యం. నీ బండిలోనే ఎల్తాను." బావ సరేనన్నాడు.

పోయిన వానాకాలంలో మా పక్క క్వార్టర్ ప్రదీప్‌కుమార్ వాళ్ల నాన్నను తీసుకెళ్లాం. ఘాట్ దగ్గర పాడె దించుతుంటే వ్యాన్ అడుగురేకు ఫట్‌మని విరిగి, ప్రదీప్‌కుమార్ కాలు మోకాలి దాకా కిందికి దిగిపోయింది. పాడె ఓ పక్కకి ఒరిగింది. బావ రొమ్ముతో ఆపకపోతే ఆ పెద్దాయన నేల మీద పడేవాడే. అయ్యో అయ్యో అని ఆడవాళ్లు గొల్లుమన్నారు.

మర్నాడు బండిని ఖిదిర్‌పూర్‌లో ఇస్రాఫిల్ మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. డొక్కు బండ్లకు రేకులు కొట్టి అతికే పని ఆయనది. కిందికి దూరి సుత్తితో చిన్నగా తట్టాడు. తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. రెండు పక్కల రేకులు కూడా కింది భాగమంతా తినేసి ఉన్నాయి. దూలాల సందులోంచి తెల్లటి పొడి గీకి తీసి బావ అరచేతిలో పోశాడు.

"ఎటా నూన్, దాదా," అన్నాడు. ఇది ఉప్పు అన్నా, అని.

బావకి వెంటనే అర్థమైంది, నాకూ అయింది. మా వాళ్లలో మనిషి పోతే పలాస నుంచో టెక్కలి నుంచో కూతుళ్లు, అక్కచెల్లెళ్లు రైలెక్కి రావాలి. వాళ్లు ముఖం చూడకుండా ఎత్తడానికి వీల్లేదు. క్వార్టర్స్ గదుల్లో నలుగురు నిలబడే చోటు ఉండదు. అందుకని శవాన్ని వ్యాన్‌లోనే ఐసు దిమ్మల మీద పడుకోబెట్టి, చల్లదనం ఎక్కువవుతుందని కల్లుప్పు చల్లేవాళ్లం. చల్లేది బావే. ఒక్కో గుప్పెడు తీసుకుని, ముగ్గు వేసినంత శ్రద్ధగా. ఆ ఉప్పునీరు కారి కారి సందుల్లో చేరింది.

బావ ఫుట్‌పాత్ మీద కూలబడిపోయాడు. "అయితే ఈ బండిని నానే తినేసినానన్నమాట," అన్నాడు.

మిస్త్రీ రెండు దారులు చెప్పాడు. చిల్లులున్న చోట ముక్కలు అతికి, పైన తారు పూసి రంగేస్తే రెండు మూడు రోజుల్లో బండి తీసుకుపోవచ్చు. ఎన్నాళ్లు ఆగుతుందో మాత్రం చెప్పలేడు. లేదంటే అడుగంతా కోసేసి, పక్క రేకులతో సహా కొత్తవి వెయ్యాలి. ఈ వానల్లో నెల పట్టినా పట్టొచ్చు.

"అతుకులేయించు బావా," అన్నాను. "నెల్లాళ్లు బండి లేకపోతే ఎలగ? అత్త సంగతి తెలీదేటి నీకు?"

సన్యాసమ్మత్త అప్పటికే మంచం పట్టి ఉంది. అన్నం మానేసింది. ఇవాళో రేపో అని డాక్టరు చెప్పేశాడు. బాగున్నట్టు కనిపిస్తున్న చోట రేకు మీద బావ బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది.

"అత్తని ఈ అతుకుల మీద పడుకోబెట్టమంటావేటి? దారిలో జారిపోతే?"

"మరి ఈలోగా పోతే? లారీ ఎక్కిస్తావా?"

బావ చేతికంటిన తుప్పు దులుపుకుని, "అత్తనే అడుగుతాను," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు మతి ఉందేటి బావా? సావబోయే మనిషి దగ్గరికెళ్లి, నువ్వెప్పుడు పోతావని అడుగుతావా?" అని రోడ్డు మీదే అరిచాను. వింటేగా! తిన్నగా వెళ్లి అత్త మంచం పక్కన కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు, ఉప్పుతో సహా. తల గోడకి తిప్పుకుని విన్నది ముసలమ్మ.

"నీ ఇష్టం అత్తా. ఏటి సెయ్యమంటే అది సేస్తాను."

అత్త ఇటు తిరిగింది. "నాలాటోల్లు ఎంతమంది ఎక్కాలో ఆ బండి. బాగా సెయ్యించు. నానాగుతాను."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, బయటికెళ్లి ఏడ్చాను. ఆ సాయంత్రం అత్త గంజి అడిగి తాగిందని మా అక్క చెప్పింది.

ఇక బావ గ్యారేజీలోనే కాపురం పెట్టాడు. పాత బండ్ల సామాన్లమ్మే మల్లిక్ బజార్ అంతా తిరిగి పక్క రేకులు సంపాదించాడు. అడుగుకి మందపాటి కొత్త రేకు తెచ్చాడు. పాత రేకు కోస్తుంటే తెల్లటి ఇనుము మెరిసేదాకా కొయ్యమని పోరు పెట్టేవాడు. కొంచెం ఎర్రగా ఉన్న చోటు వదిలేద్దామంటే మిస్త్రీతో పెద్ద గొడవ. ఈ దాదా నా ప్రాణాలు తోడేస్తున్నాడని మిస్త్రీ నాకు మొరపెట్టుకున్నాడు. వాన పడుతుంటే బావ గొడుగు తన మీద కాకుండా వెల్డింగు మీద పట్టేవాడు. దగ్గు పట్టుకుంది. ఆయాసం వచ్చింది. డాక్టరుకి చూపించుకో అని అక్క కాళ్లావేళ్లా పడింది. "బండి రానీ," అనేవాడు.

రోజూ ఇంటికొస్తూ అత్త గుమ్మంలో ఆగేవాడు. "పక్క రేకులు అయిపోయినాయి అత్తా", "రేపు రంగేస్తారు అత్తా" అని చెప్పేవాడు. అత్త ఊఁ కొట్టేది.

బండి వచ్చింది. క్వార్టర్స్ పిల్లలంతా చుట్టూ మూగారు. బావ ఒక్కొక్కరినీ పిలిచి అడుగురేకు మీద తొక్కించాడు, ఎగిరించాడు. ఇంతైనా కదల్లేదు. ఆ మొహంలో వెలుగు చూడాలి!

ఆ వారంలోనే ఓ పొద్దున కుళాయి దగ్గర స్నానం చేసి వచ్చి, గుండెల్లో మంటగా ఉందంటూ మంచం మీద కూర్చున్నాడు. అక్క మంచినీళ్లు తెచ్చేలోపు ప్రాణం పోయింది.

నేను డ్యూటీ నుంచి లారీ అలాగే వదిలేసి పరుగెత్తాను. అలవాటు కొద్దీ ఎవరో ఐసు, ఉప్పు బస్తా తెచ్చి వ్యాన్ దగ్గర పెట్టి ఉన్నారు. "ఆ ఉప్పు ఈ బండి మీద పడిందంటే మర్యాదగా ఉండదు!" అని గావుకేక పెట్టాను. సామాన్లన్నీ బయట పెట్టి, బావని ఇంట్లోనే ఐసు తొట్టెల మధ్య పడుకోబెట్టాం. పలాస నుంచి బావ చెల్లెలు వచ్చేదాకా అక్కడే ఉంచాం. మర్నాడు ఆమె వచ్చి చూశాక, బావని తీసుకెళ్లి ఆ కొత్త రేకు మీద పడుకోబెట్టాం. ఆ రేకు మీద అదే మొదటి ప్రయాణం.

సన్యాసమ్మత్త తననీ తీసుకురమ్మని గోల పెడితే కుర్చీలో మోసుకొచ్చారు. చేత్తో ఆ రేకు అంతా తడిమింది.

"నాకని ఏయించినావు కదరా నాయనా! నాను ఆగినాను కదరా! నువ్వెక్కేసినావేట్రా ముందు!"

మా అక్క నేల మీద పడిపోయింది. ఎవరు ఎవర్ని ఓదార్చాలో తెలియలేదు. బండి నడిపేవాడు లేడు. నేనే డ్రైవరు సీటు వైపు నడిచాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"రేపు నన్నెవుడు తీసుకెల్తాడ్రా?"

"నానున్నాను కదత్తా. నానే తీసుకెల్తాను."

అత్త నన్ను కింద నుంచి పై దాకా చూసింది. నిన్న పొద్దున చెత్త లారీ మీద వేసుకున్న డ్యూటీ చొక్కా ఇంకా నా ఒంటి మీదే ఉంది.

"అయితే ఆ సొక్కా ఇప్పేసి ఎక్కు నాయనా," అంది.

అక్కడే విప్పి గోడ మీద పడేశాను. బనీనుతోనే బావని కేవ్‌రాతలాకి తీసుకెళ్లాను.