ఊడ్చిన వాకిలి

కరెంటు కంపెనీ బూడిద నాకు ఇష్టంగా ఉండేదని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల్లో శంషాబాద్ దగ్గర ఒక ద్రాక్షతోట రైతు ఇంట్లో, ముందు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నకు రాజేంద్రనగర్‌లో గుమాస్తా ఉద్యోగం. ఊరి పక్కన కొత్తగా వచ్చిన కంపెనీ బొగ్గు కాల్చి కరెంటు తీసేది. పొగ రాత్రిళ్ళు వదిలేది. తెల్లారేసరికి మా అరుగు మీద బూడిద మెత్తగా, చదునుగా పరుచుకుని ఉండేది. అందరికంటే ముందు లేచి, చదువుతున్న పుస్తకంలోని మాటో, డైరీలో రాయాలనుకున్న వాక్యమో దాని మీద వేలితో రాసేదాన్ని. నలుగురిలో నోరు పెగలని దాన్ని. అక్కడ మాత్రం అక్షరాలు పెద్దవిగా రాసేదాన్ని. తర్వాత అమ్మ లేచి ఊడ్చేసేది.

ఆ బూడిదే ఇంటి యజమానురాలి ద్రాక్షను నాశనం చేస్తోంది. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. కోసే ముందు గుత్తులు కడిగితే పండు నిలవదు, కడగకపోతే బేరగాడు ముట్టడు. ఒక పంట అలాగే పోయింది. ఇదీ పోతే తోట నరికేయడమే అనేవాడు ఆమె భర్త.

ఊరంతా కంపెనీ గేటు ముందు టెంటు వేసుకుని కూర్చుంది. బొగ్గు లారీలను ఆపింది, లాఠీలు తిన్నది. చివరికి పట్నం నుంచి పెద్ద అధికారి వచ్చి కళ్ళారా చూసి రిపోర్టు రాస్తాడని తేలింది. మొదట అక్క తోటకే వస్తాడన్నారు.

ముందు రోజు సర్పంచ్ ఇల్లిల్లూ తిరిగాడు. "రేపు సారు వస్తుండు. ఊరి ఇజ్జత్ తియ్యకుండ్రి. ఇండ్లు వాకిండ్లు సాఫ్ జేసుకోండ్రి."

పెద్దమనిషి ఇంటికొస్తే ఆడవాళ్ళు ఏం చేస్తారో అదే చేశారు. తెల్లారగానే ప్రతి వాకిలీ ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టారు. అక్క మంచాలు తుడిచింది. మా అరుగు కూడా తనే కడిగింది. మంచి గుత్తులు ఏరి, ఒక్కొక్క పండూ నీళ్ళలో తోమి, స్టీలు పళ్ళెంలో పెట్టింది.

అధికారి జీపు దిగాడు. వెంట కంపెనీ మనిషి. అధికారి మంచం పట్టె మీద వేలితో గీసి, ఆ వేలు చూసుకున్నాడు.

"ఏదమ్మా బూడిద?"

"తోటల సూడుండ్రి సారు, ఆకుల మీద..." అంది అక్క.

ఆయన ఒక పండు నోట్లో వేసుకున్నాడు. "తోట ఇక్కడే ఉంది కదమ్మా, పళ్ళెంలో. తియ్యగా ఉంది కూడా."

కంపెనీ మనిషి నవ్వాడు. "ఊడిస్తే పోయేదానికి ధర్నాలెందుకు సార్ వీళ్ళకి?"

పళ్ళెం ఖాళీ అయ్యాక జీపు కదిలింది. తోటలోకి ఎవరూ అడుగు పెట్టలేదు. ఊళ్ళో బూడిద జాడ లేదని రిపోర్టు వచ్చింది. టెంటు పీకేశారు.

ఊడ్చింది ఊరంతా. నింద మాత్రం అక్క ఒక్కదాని మీదే.

"సారుకు అంగూర్లు తినిపిచ్చి మా నోట్లె మన్ను గొట్టింది" అంది బోరింగు దగ్గర ఒకామె.

"మా వాకిలి గూడ ఊడ్వరాదె. గంత మంచిగ ఊడుస్తవ్" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. సర్పంచ్ అటుగా పోతూ విన్నాడు. ఆగలేదు.

రిపోర్టు సంగతి తెలిసిన మర్నాడు పొద్దున అక్క భర్త అరుగు మీది బూడిదను రెండు చేతులా ఎత్తుకొచ్చి, ఆమె తింటున్న కంచంలో పోశాడు.

"తిను. ఊడ్వకు, తిను."

ఆమె పైపైన తీసి పక్కన పెట్టి, అడుగున ఉన్న అన్నం తిన్నది. నేను కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత అరుగు మీద ఏమీ రాయలేదు.

ఎండలు ముదిరేలోపు తోట నరికేశారు. మేం బుద్వేల్‌కు ఇల్లు మారాం. సామాన్లు ట్రాలీలోకి ఎక్కిస్తుంటే అక్క నరికిన తీగెలను పొయ్యిలోకి కట్టలు కడుతోంది. వెళ్ళొస్తానక్కా అన్నాను. ఆమె తల ఎత్తలేదు.

"నువ్వు రోజు పొద్దుగాల అరుగు మీద ఏందో రాస్తుంటివి గద చెల్లె. సారు వచ్చిన దినం గూడ రాసినవ్. నేనే కడిగిన. గదొక్కటి ఉంచినా సారు సూస్తుండె."